అరిగిన సీటు, కదలని బండి

మూసాపేట మెట్రో స్టేషన్ వెనక మూడో సందులో కాపురముండే జోసెఫ్‌కి ఈ లోకంలో నమ్మకమున్నవి రెండే రెండు. ఒకటి దేవుడు, రెండోది తన టార్చిలైటు. పెళ్ళాం విమల ఈ లెక్కలో లేదు. పాపం, ఆవిడ చేసిన తప్పేమీ లేదు. తాళం వేశానని ఆవిడ చెబితే, రెండంతస్తులు దిగినవాడు మళ్ళీ పైకెక్కి తాళం పట్టుకు లాగి చూసి వస్తాడు. గ్యాసు కట్టేశానంటే వంటింట్లోకి వెళ్ళి నాబ్ తిప్పి చూస్తాడు. చారులో ఉప్పు వేశానన్నా సరే, గరిటెతో అరచేతిలో పోసుకుని నాకి చూడందే నమ్మడు.

"నన్ను చేసుకుని పాతికేళ్ళయింది. ఇంకా ఇన్‌స్పెక్షన్ పూర్తి కాలేదా?" అంటుంది విమల. నవ్వుతూనే అంటుంది గానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాదు. ఈ మహానుభావుడికి అది కూడా పట్టదు.

ఆయన పనే అటువంటిది మరి. సెకండ్‌హ్యాండ్ కార్లు కొనుక్కునేవాళ్ళ తరఫున వెళ్ళి, బండిని కింద నుంచి పైదాకా చూసి, మంచీ చెడూ కాగితం మీద రాసి సంతకం పెడతాడు. రేపల్లె నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో వచ్చి, కూకట్‌పల్లిలో ఓ కార్ల షెడ్డులో పద్దెనిమిదేళ్ళు గ్రీజులో మునిగి తేలాడు. నడుం పట్టేశాక ఈ పనిలోకి దిగాడు. హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ఖరీదైన బండి చేతులు మారుతోందంటే "జోసెఫ్ చూశాడా?" అన్నది మొదటి ప్రశ్న. ఆయనకు షాపు లేదు, బోర్డు లేదు. ఉన్న ఆస్తల్లా ఆ మాట ఒక్కటే.

ఒక్కసారి మాత్రం ఆ మాట తప్పింది. తమ చర్చిలో పెద్దమనిషి ఒకాయన బండి అమ్ముతూ "ప్రభువు సాక్షిగా ముప్పైవేలే తిరిగింది" అన్నాడు. జోసెఫ్ నమ్మాడు. మీటరు వెనక్కి తిప్పిన బండి అది, లక్ష దాటేసి ఉంది. కొన్నది వాళ్ళ చర్చిలోనే ఉన్న నర్సు ప్రిస్కిల్లా. ఆ అమ్మాయి అరవలేదు, తిట్టలేదు. ఆరోజు నుంచి జోసెఫ్ ఎదురుపడితే "వందనాలు అంకుల్" అనడం మానేసింది, అంతే. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ మౌనం ఆయన గుండెలో గుచ్చుకుంటూనే ఉంది. ఇంకోసారి గనక తప్పు సంతకం పెడితే ఇక ఆ పెన్ను విరిచి పారేయాల్సిందేనని ఆయనకు తెలుసు. అందుకే అప్పట్నుంచి బండి అమ్మేవాడు కనిపిస్తే చాలు, దొంగ కాడని రుజువయ్యేదాకా దొంగే.

అట్లాంటి మనిషికి ఒక శుక్రవారం అజయ్ ఫోన్ చేశాడు. అజయ్ కొండాపూర్‌లో పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో సి బ్లాకులో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. అదే కమ్యూనిటీలో ఎ బ్లాకులో ఒకాయన మస్టాంగ్ కారు అమ్ముతున్నాడట.

"రెడ్ కలర్, వీ ఎయిట్, అంకుల్. ట్వంటీ నైన్టీన్ మోడల్. ఎంత తిరిగిందో తెలుసా? ఐదువేల ఎనిమిది వందలు! ఓన్లీ! జర చూసి చెప్పండి, మీరు ఓకే అంటే మండే తర్వాత తీసేసుకుంటా."

"ఆరేడేళ్ళకి ఐదువేలా?" అన్నాడు జోసెఫ్. ఫోన్ పెట్టేసి విమల వైపు తిరిగి, "దొంగ బండి" అన్నాడు.

"చూడకుండానే?"

"చూశాక కూడా అదే చెబుతాను చూడు."

శనివారం పొద్దున టార్చి, స్కానరు, తెల్లగుడ్డ సంచిలో వేసుకుని వెళ్ళాడు. బండి యజమాని విశ్వేశ్వరరావు నలభై ఆరేళ్ళవాడు, తెనాలి మనిషి, బక్కగా, మర్యాదగా ఉన్నాడు. పక్కన భార్య నవనీత. ముగ్గురూ లిఫ్టులో రెండో సెల్లార్‌కి దిగారు. పంపు రూము పక్కన మూలగా, బూడిదరంగు కవరు కప్పుకుని ఉంది బండి. కవరు లాగేసరికి, అబ్బ! ఆ ఎరుపు చూసి జోసెఫ్ కూడా ఒక్క క్షణం అనుమానం మర్చిపోయాడు. ఒక్క క్షణమేలెండి.

"మావారికి తీరికెక్కడిదండీ?" అంది నవనీత గొప్పగా. "తొమ్మిదింటికి వెళితే మళ్ళీ ఏడింటికే రాక. ఈ మధ్య ఆఫీసులో పని మరీ ఎక్కువైంది. ఎప్పుడైనా ఆదివారం అలా నెక్లెస్ రోడ్డు దాకా వెళ్ళొస్తాం. ఉత్తినే మూలపడుందని నేనే అమ్మేయమన్నాను."

విశ్వేశ్వరరావు నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళాం నిజం చెబుతుంటే మొగుడికి నేలచూపులు ఎందుకు? జోసెఫ్ ఆ సంగతి మనసులో రాసుకున్నాడు.

టైర్లు చూశాడు. బండితోపాటు వచ్చినవే, రబ్బరు ముళ్ళు కూడా పూర్తిగా ఊడలేదు. నిజంగా ఐదువేలే తిరిగినట్టున్నాయి. 'మరీ ఇంత బాగున్నాయంటే వేరే బండివి తెచ్చి వేశాడు' అనుకున్నాడు. బ్రేకు ప్లేట్ల మీద పల్చగా తుప్పు, ప్యాడ్లు కొత్తవి. 'మార్చాడు.' స్కానరు పెడితే మీటరులో ఉన్న అంకే లోపలి కంప్యూటర్లలోనూ ఉంది. 'అన్నిచోట్లా మార్చాడు. మామూలోడు కాడు వీడు.'

తర్వాత డ్రైవరు తలుపు తెరిచి సీట్లో కూర్చున్నాడు. దొరికాడు!

సీటు దిగిపోయి ఉంది. తోలు మీద మనిషి ఆకారం ముద్ర పడింది. ఎడం మోకాలు ఆనేచోట రంగు పోయింది. స్టీరింగు కింది భాగం నునుపు తేలి మెరుస్తోంది. డ్రైవరు తలుపు రబ్బరు నలిగిపోయింది. ఎడం కాలు పెట్టుకునే చోట మడమ ఒత్తుకుని గుంట పడింది. పక్క సీటు మాత్రం షోరూములోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. ఆయన లెక్క ప్రకారం ఆ డ్రైవరు సీటు యాభైవేల కిలోమీటర్ల సీటు, ఒక్కటి తక్కువ కాదు. మీటరు తిప్పేవాళ్ళందరూ సీటు దగ్గరే దొరికిపోతారు. టైర్లు మారుస్తారు, ప్యాడ్లు మారుస్తారు, కూర్చున్న గుర్తు మాత్రం మర్చిపోతారు.

దానికి తోడు కాగితాల ఫైల్లో బ్యాటరీ బిల్లులు రెండు. ఏడాది తిరక్కుండా రెండు బ్యాటరీలు! కదలని బండి బ్యాటరీని ఏం చేసుకుంది, తినేసిందా?

"సీటు ఇట్లా ఉందేంటండీ?" అని అడిగాడు మెత్తగా.

"అదేంటి, నేనెప్పుడూ చూడలేదే!" అంది నవనీత వంగి చూస్తూ.

"తోలు... క్వాలిటీ... అంతేనండీ" అని నీళ్ళు నమిలాడు విశ్వేశ్వరరావు. నుదుటి మీద చెమట. సెల్లార్ చల్లగా ఉంది, మనిషికి చెమట.

బయటికి వస్తూ సెల్లార్ గార్డు రాములును పట్టుకున్నాడు. నారాయణఖేడ్ వైపు మనిషి, మీసాలు నెరిశాయి.

"ఏమయ్యా, ఆ ఎర్రబండి రోజూ బయటికి పోతదా?"

"గదా? గది కదల్నే కదల్లె సార్. ఎప్పుడన్న ఐతారం నాడు ఒక్కపారి తిప్పుకొస్తరు."

"మరి సీటు అట్లా అరిగిందేం?"

రాములు చూపు తిప్పేసుకున్నాడు. "సీట్ల ముచ్చట నాకేం తెల్వది సార్. నేను గేటు కాడ ఉంటా."

వీడికీ ముట్టింది, అనుకున్నాడు జోసెఫ్. పంచుకు తింటున్నారు.

ఇంకొకడైతే అప్పుడే రాసిచ్చేవాడు. జోసెఫ్‌కి ఒక పద్ధతి ఉంది. ఏ బండినైనా రెండుసార్లు చూస్తాడు. మొదటిసారి చెప్పి వెళతాడు, రెండోసారి చెప్పకుండా. చెప్పి వెళితే అమ్మేవాడు ముందే ఇంజను వేడిచేసి పెడతాడు, వేడి ఇంజను రోగాలు దాచేస్తుంది. చెప్పకుండా వెళితే బానెట్ మీద చెయ్యి పెట్టగానే బండారం బయటపడుతుంది. మంగళవారం పదిన్నరకి, యజమాని ఆఫీసులో ఉండే వేళ, అజయ్ పేరు చెప్పి గేటు దాటి సెల్లార్‌లోకి దిగాడు. తాళాలు చేతిలో లేకపోయినా చల్లదనం చూడ్డానికి తాళాలక్కర్లేదు కదా.

రాములు చూసి పరుగెత్తుకొచ్చాడు. "సారూ, ఆగుండ్రి! గటు పోకుండ్రి! పంపుల కాడ నీళ్ళున్నయ్, జారి పడ్తరు!"

ఆ మాటతో జోసెఫ్ నడక ఇంకా పెరిగింది. నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క నీళ్ళు లేవు. కవరు ముందు అంచు ఎత్తి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. మంచిది. ఇంకాస్త వెనక్కి మడిచాడు. అద్దంలోంచి లోపల చిన్న వెలుతురు కనిపించింది. కవరు మొత్తం వెనక్కి లాగేశాడు.

లోపల మనిషి!

"యేసయ్యా!" అని రెండడుగులు వెనక్కి పడ్డాడు జోసెఫ్.

విశ్వేశ్వరరావు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, మెడలో ఆఫీసు ట్యాగు. ట్యాగుకి కార్డు లేదు, ఉత్త తాడే. స్టీరింగు కిందిభాగానికి ల్యాప్‌టాప్ ఆనించుకుని ఉన్నాడు. పక్క సీటు ముందు కింద టిఫిను డబ్బా. ఆయన పక్క సీటు తలుపు తెరిచి, "రండి జోసెఫ్ గారూ, కూర్చోండి" అన్నాడు, ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు. జోసెఫ్ ఆ కొత్త సీట్లో కూర్చున్నాడు.

"ఉద్యోగం పోయి పదకొండు నెలలైందండీ" అన్నాడు విశ్వేశ్వరరావు, అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ. "మొదటి వారం పార్కుల్లో తిరిగాను. ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు కనిపిస్తున్నారు. ఇక్కడైతే ఎవరూ రారు. పొద్దున మెట్రోకని దిగి, ఇటు వచ్చేస్తాను. రాములు కవరు కప్పుతాడు. సాయంత్రం ఏడింటికి తీస్తాడు. ఫోను, ల్యాప్‌టాప్ దీనికే చార్జింగు పెట్టుకుంటాను, అందుకే బ్యాటరీలు పోతున్నాయి. ఇంటర్వ్యూ ఉన్నరోజు పంపు రూములో కూర్చుంటాను, సిగ్నల్ అక్కడ బాగుంటుంది. మాట వినపడాలి కదా, రాములు అరగంట మోటరు ఆపుతాడు."

జోసెఫ్ వేళ్ళ మీద లెక్క కట్టాడు. రోజుకి పది గంటలు, పదకొండు నెలలు. ఊళ్ళో బండి నడిపితే అది యాభైవేల కిలోమీటర్లకు సరిపడా కూర్చోవడం. తన లెక్క తప్పలేదు. సీటు చెప్పింది నిజమే, మీటరు చెప్పిందీ నిజమే. అబద్ధమాడిన బండి లేదు అక్కడ. శనివారం నుంచి ఈ మనిషిని మనసులో ఎన్నిసార్లు దొంగా అని తిట్టుకున్నాడో తలుచుకుంటే జోసెఫ్‌కి సిగ్గేసింది.

"బండి అమ్మేస్తే రేపట్నుంచి ఎక్కడ కూర్చుంటారండీ?" అని అడిగాడు.

"అమ్మిన రోజునే నవనీతకి చెబుదామనుకున్నాను. చేతిలో ఏదో ఒకటి పట్టుకుని చెబితే కాస్త ధైర్యంగా ఉంటుందని. మీరు రిపోర్టులో ఈ సంగతి రాస్తే..." ఆయన ల్యాప్‌టాప్ మూసేశాడు. "అజయ్ వాళ్ళావిడా నవనీతా ఒకే యోగా క్లాసండీ. సాయంత్రానికి తెలిసిపోతుంది. ఆమెకి నా నోటితో తెలియాలి. పక్కవాళ్ళ నోటితో కాదు."

"అబద్ధం మాత్రం నేను రాయనండీ."

"వద్దు. మీటరు నిజమని రాయండి, అది నిజమే కదా. సీటు కావాలంటే కొత్త తోలు వేయిస్తాను."

"పొరపాటున కూడా ఆ పని చేయకండి!" అని అరిచినంత పని చేశాడు జోసెఫ్. "సీటు మార్చారంటే ఇది నిజంగానే దొంగబండి అయిపోతుంది." కాస్త ఆగి, "ఇంట్లో చెబితే ఏమవుతుందనుకుంటున్నారు?" అన్నాడు.

"తట్టుకోలేదండీ."

"అడిగి చూశారా? ఆవిడ తట్టుకోలేదని మీరే రాసేసుకున్నారు. అది ఆవిడ మీద అనుమానం కాదూ?" అన్నాక ఆ మాట ఎవరికి చెబుతున్నాడో ఆయనకే ఇబ్బందిగా తోచి, టార్చి సంచిలో పెట్టుకుని దిగిపోయాడు.

రాములు ర్యాంపు దగ్గర చేతులు నలుపుకుంటూ ఉన్నాడు. "ఎవ్వలికి చెప్పకు సార్. దేవుడసొంటి మనిషి. నా బిడ్డకు ఫోన్ చేసి లెక్కలు చెప్తడు. నేనైతే పైసా ముట్టలె, ఒట్టు."

"నాకు తెలుసులేవయ్యా" అన్నాడు జోసెఫ్. ఈ మాట ఆయన నోట ఎవరైనా విని ఎన్నేళ్ళయిందో.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కాగితం ముందు కూర్చుని రెండు గంటలు గింజుకున్నాడు. ఆయన రిపోర్టులో ఒక గడి ఉంటుంది: సీటు అరుగుదల, కారణం. ఖాళీగా వదిలేయొచ్చు, కానీ వదిలేస్తే దాచినట్టు. చివరికి రాశాడు: 'సీటు ఎక్కువ అరిగింది. కారణం నాకు తెలుసు. మీటరుకీ దానికీ సంబంధం లేదు. మీటరు నిజం.' కింద సంతకం పెట్టి అజయ్‌కి పంపాడు. పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అంకుల్, ఏంది ఇది? కారణం తెలుసంటే ఏంది? చెప్పండి మరి."

"చెప్పలేను బాబూ."

"ఫొటోలు చూస్తే సీట్ ఫుల్ ఖతమైంది. నా ఫ్రెండ్స్ అందరూ మీటర్ టాంపర్డ్ అంటున్నరు. ప్రూఫ్ ఏముంది?"

"నా మాటే బాబూ. నేను కళ్ళారా చూశాను. మీటరు నిజం."

అటు వైపు చిన్న నవ్వు వినిపించింది. "అంకుల్, ఎవ్వరినీ నమ్మొద్దు, ప్రూఫ్ లేనిదే ఏదీ రాయననేది మీరే. ఇప్పుడు మాట నమ్మమంటున్నరా? ఓనర్ ఎంతిచ్చిండు?"

ఒక్క వాక్యం చాలు. రోజూ ఆయన అందులో కూర్చుంటాడు అని ఒక్క వాక్యం చెబితే చాలు, తన పేరు నిలబడిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"నువ్వు నమ్మకపోతే కొనకు బాబూ" అన్నాడు.

అజయ్ కొనలేదు. అంతటితో ఊరుకోనూ లేదు. కార్లోళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ రిపోర్టు పెట్టి, 'జోసెఫ్ అంకుల్ ఈ మధ్య అమ్మేవాళ్ళకి పనిచేస్తున్నట్టుంది, జాగ్రత్త' అని రాశాడు. గురువారం మధ్యాహ్నానికి రెండు బండ్లు చూసే పని పోయింది. మూడో ఆయన ఫోనే ఎత్తలేదు. ప్రిస్కిల్లా విషయంలో నిజంగా తప్పు చేశాడు, ఏడ్చినా అర్థముంది. ఇప్పుడు ఏ తప్పూ చేయకుండా దొంగయ్యాడు.

సాయంత్రం విశ్వేశ్వరరావు ఫోన్ చేశాడు. "నా మూలంగా మీ పేరు పోయిందని విన్నానండీ..."

"నా పేరు సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడెక్కడున్నారు మీరు?"

"లిఫ్టు దగ్గర. ఇప్పుడే చెప్పేద్దామని బయల్దేరాను. బటన్ నొక్కలేకపోతున్నాను."

"నొక్కండి సార్" అన్నాడు జోసెఫ్. అటువైపు లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించి ఫోన్ కట్టయింది.

విమల ప్రార్థన కూటానికి తయారవుతోంది. జోసెఫ్ కుర్చీలోంచి లేవకుండా, "నేను డబ్బు తిని ఒక బండికి మంచి రిపోర్టు ఇచ్చానంట. ఊరంతా అంటున్నారు" అన్నాడు.

విమల జడ వేసుకుంటున్న చేతులు ఆపి చూసింది. "ఏ బండి? ఆ ఎర్రదా?"

"ఆఁ."

"దాని మీటరు నిజమేనా?"

"నిజమే."

"సరే అయితే. లేవండి, కూటానికి టైమైంది. బైబిలు సంచి మర్చిపోకండి."

జోసెఫ్ కదల్లేదు. "ఎట్లా తెలుసని అడగవా? సీటు ఎందుకు అరిగిందో అడగవా? ఏమీ అడగవా?"

"నిజమేనని మీరు చెప్పారుగా" అంది విమల జడకి రబ్బరు బ్యాండు పెట్టుకుంటూ, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చూపించుకోకుండా సంచి తీసుకుని గబగబా కిందికి దిగి స్కూటరు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి విమల వచ్చింది.

"తాళం వేశావా?" అని అలవాటు కొద్దీ అడిగాడు.

"వేశాను" అని, ఆవిడ కూడా అలవాటు కొద్దీ పక్కకి జరిగి, ఆయన మెట్లెక్కడానికి దారి వదిలింది. ఎప్పట్లాగే రెండు నిమిషాలు నిలబడాలి కదా అని చీర కుచ్చిళ్ళు సర్దుకోసాగింది.

జోసెఫ్ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. పైకి చూశాడు. కాలు వెనక్కి తీసుకుని స్కూటరు స్టార్ట్ చేశాడు.

"ఎక్కు" అన్నాడు.

విమల ఎక్కలేదు. "ఒంట్లో బాగానే ఉందా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.